బ్లేడు మార్చే మడత కత్తి: మొదటిసారి చేతపట్టేవారు ఏది ఎంచుకోవాలి

సొంత గడ్డాన్ని మడత కత్తితో గీసుకోవాలన్న కోరిక చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు కలుగుతుంది. అద్దం ముందు ఆ నిదానం, వాదర కింద వెంట్రుక తెగుతున్న సన్నని గరగర చప్పుడు, పని ముగిశాక చెంప మీద చెయ్యి పెడితే తగిలే నునుపు, ఇవన్నీ ఆకర్షించేవే. సాన పట్టడం, తోలుపట్టీ మీద తీడడం నేర్చుకునే తీరిక లేనివారు సహజంగానే బ్లేడు మార్చే రకం వైపు చూస్తారు. తీరా చూస్తే అందులోనే బోలెడు రకాలు. బొమ్మల్లో అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి: పిడిలోకి మడుచుకునే లోహపు తల, దాని అంచున సన్నగా కనిపించే బ్లేడు. చర్మానికి తగిలాక మాత్రం ఒకదాని తీరు ఒకదానికి లేదు.

నేను మొదలుపెట్టింది సగం బ్లేడు పట్టే తేలికపాటి కత్తితో. మూడో రోజే చుబుకం పక్కన గాటు పడింది. లోతైనది కాదు గానీ రక్తం చాలాసేపు ఆగలేదు. నా చేతికి కుదురు లేదనుకున్నాను. కొన్ని నెలల తర్వాత పొడవైన, మందమైన బ్లేడు పట్టే కత్తి దొరికింది. అదే చెయ్యి, అదే చుబుకం, గాటు మాత్రం లేదు. అప్పటి నుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను: ముందు బ్లేడును ఎంచుకోండి, దాన్ని పట్టే కత్తి సంగతి తర్వాత చూద్దాం.

## ముందుగా దేన్ని చూడాలి

మొదట చూడవలసింది బ్లేడు కొసలు. కొత్తవారి ముఖం మీద పడే గాట్లలో ఎక్కువ భాగం వాదర మధ్యభాగం వల్ల రావు, రెండు చివర్లలోని సూది మొనల వల్ల వస్తాయి. చెంప మీద వాదర సమంగా ఆనుతుంది. దవడ మలుపు, చుబుకం, పెదవి మూల దగ్గర చర్మం వంపు తిరగగానే ఒక కొస ముందుగా దిగుతుంది. ఆ కొస నలుచదరంగా, పూర్తిగా బయట ఉంటే గుచ్చుకుంటుంది. గుండ్రంగానో, లోహపు తల లోపలో ఉంటే జారిపోతుంది. కాబట్టి కొనబోయే కత్తి బొమ్మను పెద్దది చేసి చూడవలసిన చోటు పిడి మీది నగిషీ కాదు, ఆ రెండు మూలలు.

రెండోది బ్లేడు మందం, అది తల నుంచి బయటికి వచ్చిన మేర. ఈ రెంటినీ కలిపే చూడాలి. పలుచని బ్లేడు ఎక్కువగా బయటికి వస్తే గట్టి వెంట్రుక తగిలినప్పుడు కొద్దిగా వంగి, వెంటనే యథాస్థితికి వస్తుంది. ఆ కదలిక కంటికి కనపడదు, చర్మానికి మాత్రం జివ్వుమని తెలుస్తుంది. షేవింగ్ అయ్యాక మంట, ఎర్రదనం మిగలడానికి ఇదీ ఒక కారణం. మందమైన బ్లేడు, లేదా అంచు దాకా గట్టిగా బిగించిన పలుచని బ్లేడు వణకకుండా కోస్తుంది.

మూడోది బరువు. మరీ తేలికైన కత్తి చేతిలో ఉన్నట్టే అనిపించదు. అందుకే తెలియకుండా నొక్కుతాము. ఈ రకం కత్తులన్నింటిలోనూ నొక్కడమే అసలు తప్పు. తల వైపు కాస్త బరువున్న కత్తి తన బరువుతోనే పని చేసుకుపోతుంది, చెయ్యి దారి చూపిస్తే చాలు.

తక్కినవి తేలికగా తేలే విషయాలు. బ్లేడు ఎంత సులభంగా దొరుకుతుంది, బిగించేటప్పుడు వేళ్లు వాదరకు ఎంత దగ్గరగా వెళతాయి, వాడాక కడిగి ఆరబెట్టడానికి ఎంత శ్రమ పడాలి. వీటిలో బ్లేడు లభ్యతను చిన్నచూపు చూడకండి. బ్లేడు దొరకక అదే బ్లేడును పదోసారి వాడేవారికి ఎంత మంచి కత్తీ మేలు చేయదు.

## సగం బ్లేడు కత్తి

సేఫ్టీ రేజర్‌లో వాడే రెండు వైపులా పదునున్న బ్లేడును నిలువునా రెండుగా విరిచి, ఒక సగాన్ని బిగించే కత్తి ఇది. క్షౌరశాలల్లో ఎక్కువగా కనిపించేది కూడా ఇదే. దీన్ని షావెట్ అని పిలుస్తారు. జర్మనీలోని సోలింగెన్‌కు చెందిన డోవో సంస్థ తన కత్తికి పెట్టుకున్న ఆ పేరే క్రమంగా ఈ జాతి మొత్తానికీ స్థిరపడింది.

దీని బలం ఇట్టే తెలుస్తుంది. బ్లేడు ఎక్కడైనా దొరుకుతుంది, ఖర్చు నామమాత్రం, రకాలు లెక్కలేనన్ని. ఒక బ్లేడు పడకపోతే మరొకటి వేసి చూడవచ్చు. ప్రతిసారీ కొత్త వాదర వాడినా భారం అనిపించదు. క్షురకులు దీన్ని ఇష్టపడటానికి మరో గట్టి కారణం శుభ్రత. ఒకరికి వాడిన వాదర మరొకరికి తగిలితే హెపటైటిస్ బి, హెపటైటిస్ సి వంటి రక్తం ద్వారా వ్యాపించే వ్యాధులు సోకే ప్రమాదం ఉంది. మనిషికో కొత్త బ్లేడు వేస్తే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. ఇంట్లోనూ ఇదే నియమం: బ్లేడును ఎప్పుడూ పంచుకోకూడదు.

దీని బలహీనత అర్థం కావాలంటే ఆ బ్లేడు పుట్టుక తెలియాలి. కింగ్ క్యాంప్ జిల్లెట్ 1904లో అమెరికాలో పేటెంటు పొందిన రేజర్‌లో, కాగితంలా పలుచని ఉక్కు బ్లేడును పైమూతకూ కింది పళ్లేనికీ మధ్య వంచి బిగిస్తారు. ఆ వంపులోనే దానికి బిగుతు వస్తుంది. కింద కాపు, అంటే చర్మం వాదరలోకి ఉబికి రాకుండా అడ్డుగా నిలిచే అంచు, కూడా ఉంటుంది. ఈనాటి బ్లేడు మందం సుమారు 0.1 మిల్లీమీటరు. దాన్ని సగానికి విరిచి, వంపు లేకుండా, కాపు లేకుండా ఒక చీలికలో నిలబెడితే, పుట్టిన పని ఒకటి, చేయిస్తున్న పని ఇంకొకటి అవుతుంది. వాదర పదును తగ్గదు. పదును వెనక ఉండవలసిన ఆసరా తగ్గుతుంది. పైగా రెండు చివర్లా కొసలు నలుచదరంగా నిలబడి ఉంటాయి.

క్షురకుల చేతిలో ఇది హాయిగా నడుస్తుందంటే దానికి కారణం ఉంది. వారు రోజుకు పదుల ముఖాలు చూస్తారు. ఎదురుగా నిలబడి, రెండు చేతులతో, ఎదుటివారి చర్మాన్ని ఏ దిక్కుకు కావాలంటే ఆ దిక్కుకు లాగి పట్టుకుని గీస్తారు. మనం అద్దంలో తలకిందుల లెక్క వేసుకుంటూ, మన మోచేయి మనకే అడ్డుపడుతుండగా గీసుకోవాలి. వారి చేతిలో చూసిన నైపుణ్యాన్ని కత్తి గొప్పదనంగా లెక్కవేసి కొనేవారు చాలామంది ఉన్నారు.

ఇదే కొనాలనుకుంటే రెండు విషయాలు పట్టించుకోండి. తల రెండు చివర్లూ బ్లేడు కొసలను కప్పేలా గుండ్రంగా ఉన్నదాన్ని ఎంచుకోండి. బ్లేడు బిగించే తీరులో, పక్కకు తెరుచుకుని మూసుకునే తల ఉన్నది మేలు. సన్నని పట్టీని లాగి తీసే రకంలో బ్లేడు వంకరగా కూర్చునే అవకాశం ఎక్కువ. బిగించాక వెలుతురుకు ఎదురుగా పట్టి, వాదర ఒక చివర నుంచి మరో చివర వరకు సమానంగా బయటికి వచ్చిందో లేదో చూడండి. ఒక వైపు వెంట్రుకవాసి ఎక్కువగా ఉన్నా గాటు అక్కడే పడుతుంది. బ్లేడును విరిచేటప్పుడు కాగితం పొట్లంలోంచి తీయకుండా నిలువునా మడిచి విరవాలి. ముందే సగాలుగా చేసి అమ్మే బ్లేడ్లు కొంటే ఆ శ్రమ కూడా ఉండదు.

బ్లేడు ఎంపికలో ఒక అపోహ ఉంది: కొత్తవారికి పదును తక్కువ బ్లేడు క్షేమమని. పదును చాలని బ్లేడు వెంట్రుకను కోయకుండా లాగుతుంది, లాగితే చెయ్యి నొక్కుతుంది, నొక్కితే తెగుతుంది. అలాగని మహా పదునుకు పేరుపడ్డ ఫెదర్ సంస్థ బ్లేడుతో మొదలుపెట్టమని కూడా అనను. ఆస్ట్రా వంటి మధ్యస్థమైన బ్లేడుతో మొదలుపెట్టి, చెయ్యి కుదిరాక అటూ ఇటూ మార్చి చూడవచ్చు.

## పొడవు బ్లేడు కత్తి

జపాన్‌లోని సెకి నగరం కత్తుల తయారీకి శతాబ్దాలుగా పేరున్న ఊరు. అక్కడ పుట్టిన ఫెదర్, కాయ్ సంస్థలు మడత కత్తి కోసమే ప్రత్యేకంగా బ్లేడ్లు తయారుచేస్తాయి. ఫెదర్ వారిది ఆర్టిస్ట్ క్లబ్, కాయ్ వారిది క్యాప్టెన్ వరుస. ఈ జాతి బ్లేడ్లను ఆర్టిస్ట్ క్లబ్ తరహా అంటే అమ్మేవారందరికీ అర్థమవుతుంది. మందం దాదాపు 0.25 మిల్లీమీటర్లు, అంటే సగం బ్లేడుకు రెండున్నర రెట్లు. వాదర కూడా దానికంటే పొడవు.

ఈ మందమే తేడా అంతా. గట్టి గడ్డం మీద కూడా వాదర వణకదు. సగం బ్లేడుతో చెంప మీద చిన్న చిన్న గీతలుగా లాగవలసిన చోట ఇది సర్రున సాగిపోతుంది. కత్తి బరువు కూడా ఎక్కువే కావడంతో నొక్కాలన్న ఆలోచన చేతికి రాదు. బ్లేడు డబ్బాలోంచి నేరుగా కత్తి తలలోకి తోసుకునే ఏర్పాటు వల్ల వేలు వాదరకు దగ్గరగా వెళ్లదు. ఒక్కో బ్లేడు సగం బ్లేడు కంటే ఎక్కువ రోజులు వస్తుంది. సగం బ్లేడును నేను రెండు మూడు సార్లకు మించి వాడను. ఇది నా గడ్డానికి ఏడెనిమిది సార్లు హాయిగా వస్తుంది.

ఇక ఇబ్బందులు. కత్తి ఖరీదు, బ్లేడు ఖరీదు రెండూ ఎక్కువ. ఒక్కో బ్లేడు ఎక్కువసార్లు పనికొస్తుంది కాబట్టి షేవింగ్‌కు పడే ఖర్చులో తేడా అనిపించినంత ఉండదు. కానీ మొదట పెట్టే మొత్తం మాత్రం ‘ఊరికే ఒకసారి చూద్దాం’ అనుకునేవారికి బరువే. బ్లేడ్లు ప్రతి దుకాణంలోనూ దొరకవు, ముందుగా తెప్పించి పెట్టుకోవాలి. వాదర పొడవు వల్ల ముక్కు కింద, పెదవి మూలల్లో మసలడం కష్టం. చెంప మీద వరమైన పొడవు అక్కడ అడ్డమవుతుంది.

అన్నిటికంటే ముఖ్యంగా ఒక హెచ్చరిక: ఈ బ్లేడు ఇచ్చే హాయి మోసం చేయగలదు. సగం బ్లేడు తప్పు చేయగానే చురుక్కుమని చెబుతుంది. ఇది సాఫీగా సాగిపోతూనే కోణం తప్పితే లోతుగా దిగుతుంది. మొదటి వారం ధైర్యం పెరిగిన తర్వాత వచ్చే రెండో వారమే జాగ్రత్తగా ఉండవలసిన కాలం.

ఈ వర్గంలోనే కొత్తవారికి తగిన బ్లేడు ఒకటుంది, కాపు ఉన్న బ్లేడు. ఫెదర్ ప్రోగార్డ్, కాయ్ ప్రోటచ్ ఎంజీ ఈ రకానివి. వాదర పొడవునా సన్నని కాపు దగ్గర దగ్గరగా అడ్డుపడుతూ, చర్మం వాదరలోకి ఉబికి రాకుండా ఆపుతుంది. గాట్లు గణనీయంగా తగ్గుతాయి. ఇది కత్తి పట్టడం కాదని, పిల్లల సైకిలుకు పక్క చక్రాలు కట్టడం లాంటిదని కొందరు తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. కోణం, చర్మం లాగడం, చేతుల స్థానం, ఈ మూడూ ఒకేసారి నేర్చుకోవలసిన నెలలో నాలుగోదైన భయాన్ని ఇది తీసేస్తుంది. అయితే కాపు పక్కకు లాగడాన్ని ఆపలేదు. వాదర పొడవు దిశలో కత్తిని జరిపితే కాపున్నా తెగుతుంది.

కత్తిలోనూ తేడాలున్నాయి. ఫెదర్‌లో ఎస్‌ఎస్ రకం తల బ్లేడును కాస్త ఎక్కువ కప్పి ఉంచుతుంది. డీఎక్స్ రకంలో వాదర మరింత బయటికి ఉంటుంది. మొదటిసారి కొనేవారికి ఎస్‌ఎస్ చాలు. మడవని పిడి ఉన్న జపనీస్ తీరు కత్తి కూడా దొరుకుతుంది. పెన్నులా సూటిగా ఉండటం వల్ల కొందరి చేతికి అదే బాగా నప్పుతుంది.

## అసలైన సాన కత్తి

బ్లేడు మార్చే పని లేకుండా, తన వాదరనే సానపట్టి వాడుకునే మడత కత్తి ఇది. బ్లేడు మార్చే కత్తితో చేయి తిరిగాక దీనికి మారదామని చాలామంది అనుకుంటారు. నేను అడిగేది ఇదీ: మీ చివరి గమ్యం సాన కత్తే అయితే నేరుగా దానితోనే ఎందుకు మొదలుపెట్టకూడదు? చేతుల పట్టు, చర్మం లాగడం రెంటిలోనూ ఒకటే. వాదర స్వభావం మాత్రం వేరు. బాగా సానపట్టి, తోలు మీద తీడిన వాదర మెత్తగా నడుస్తుంది, చిన్న పొరపాటును మన్నిస్తుంది. బ్లేడు మార్చే కత్తి దానికి తేలిక మెట్టు అన్న మాటలో సగమే నిజం. చాలామంది చేతికి సాన కత్తే సాత్వికమైనది.

దాని కష్టం ముఖం మీద కాదు, ముఖానికి అవతల ఉంది. ప్రతి షేవింగ్‌కు ముందు తోలుపట్టీ మీద, వెన్ను (వాదరకు ఎదురుగా ఉండే మందమైన అంచు) ముందుగా నడిచేలా, పదుల సార్లు తీడాలి. మలుపు దగ్గర కత్తిని వెన్ను మీద తిప్పాలి, వాదర మీద తిప్పితే తోలూ పోతుంది, పదునూ పోతుంది. కొన్ని నెలలకోసారి 8000, 12000 అంకెల సూక్ష్మత గల సానరాళ్ల మీద పదును తేవాలి, లేదా తెలిసినవారికి ఇవ్వాలి. తడి మిగిలితే తుప్పు పడుతుంది. కొత్తగా పెట్టెలోంచి తీసిన కత్తి చాలాసార్లు గడ్డానికి చాలే పదునుతో ఉండదు. ఆ సంగతి తెలియక, మొరటు వాదరతో ముఖాన్ని మండించుకుని, ఈ విద్యే తమకు పడదని వదిలేసినవారు ఉన్నారు. కొనేటప్పుడు షేవింగ్‌కు సిద్ధంగా సానపట్టి ఇస్తారా అని అడగండి. వెడల్పు అంగుళంలో 5/8 వంతు, అంటే సుమారు 16 మిల్లీమీటర్లు, కొన గుండ్రంగా ఉన్నది మొదటి కత్తికి సరైనది.

## ఇప్పుడున్న సేఫ్టీ రేజర్‌తోనే ఉండిపోతే

ఇది కూడా ఒక ఎంపికే, చాలామందికి సరైన ఎంపిక. ఒకే బ్లేడు, కాపుతో, కొద్ది నిమిషాల్లో పని ముగుస్తుంది. నునుపు విషయంలో సేఫ్టీ రేజర్‌కూ మడత కత్తికీ పెద్ద తేడా ఉంటుందని ఆశ పెట్టుకోకండి. మడత కత్తిలో వాదర కంటికి కనబడుతుంది, అంచులు తిన్నగా దిద్దుకోవచ్చు, ఆ పని చేస్తున్నంతసేపూ మనసు మరెక్కడికీ పోదు. ఈ మూడింటిలో ఏదీ మీకు అక్కరలేకపోతే మారవలసిన అవసరమూ లేదు. ఐదారు బ్లేడ్ల కార్ట్రిడ్జ్ నుంచి నేరుగా మడత కత్తికి దూకాలనుకునేవారు మాత్రం మధ్యలో రెండు నెలలు సేఫ్టీ రేజర్ వాడితే మంచిది. నొక్కే అలవాటు అక్కడ వదులుతుంది.

## ఒకచోట చూస్తే

| చూడవలసినది | సగం బ్లేడు కత్తి | పొడవు బ్లేడు కత్తి | పొడవు బ్లేడు, కాపుతో | సాన కత్తి | సేఫ్టీ రేజర్ |
|---|---|---|---|---|---|
| కొసల ప్రమాదం | ఎక్కువ | మధ్యస్థం | తక్కువ | గుండ్రని కొనైతే తక్కువ | దాదాపు లేదు |
| వాదర నిలకడ | తక్కువ | ఎక్కువ | ఎక్కువ | ఎక్కువ | ఎక్కువ |
| మొదటి ఖర్చు | చాలా తక్కువ | ఎక్కువ | ఎక్కువ | అన్నిటికంటే ఎక్కువ | తక్కువ |
| బ్లేడు దొరకడం | చాలా సులభం | వెతకాలి | మరింత వెతకాలి | అవసరం లేదు | చాలా సులభం |
| రోజువారీ చాకిరీ | కడిగితే చాలు | కడిగితే చాలు | కడిగితే చాలు | తీడాలి, తుడవాలి, సానపట్టాలి | కడిగితే చాలు |
| ఇరుకైన చోట్ల పని | మంచిది | కష్టం | కష్టం | అలవాటైతే మంచిది | మంచిది |
| అంచులు దిద్దడం | చాలా మంచిది | మంచిది | పరవాలేదు | మంచిది | అంతంతమాత్రం |

## ఎవరికి ఏది

గడ్డమో మీసమో పెంచుకుని, దాని అంచులు మాత్రమే తిన్నగా దిద్దుకోవాలనుకునేవారికి సగం బ్లేడు కత్తికి మించినది లేదు. పొట్టి వాదర, కళ్లెదుట కనిపించే గీత, చవకైన బ్లేడు. ముఖమంతా గీయవలసిన పని లేదు కాబట్టి దాని దోషాలు బయటపడే సందర్భమూ తక్కువే.

ముఖమంతా గీసుకోవాలి, ఇది నాకు నచ్చుతుందో లేదో తెలియదు అనేవారి పరిస్థితే నిజంగా చిక్కు. చవకగా తేలుతుందని సగం బ్లేడు కత్తి కొంటే, అది పెట్టే బాధ వల్ల అసలు విద్యే నచ్చలేదన్న నిర్ణయానికి వచ్చే ప్రమాదం ఉంది. ఖరీదైనది కొంటే, నచ్చకపోతే డబ్బు దండగ. ఈ సందిగ్ధానికి నా జవాబు, ఆర్టిస్ట్ క్లబ్ తరహా బ్లేడు పట్టే కత్తుల్లో సాదా రకాన్ని తీసుకుని, బ్లేడు మాత్రం పేరున్న సంస్థది, కాపు ఉన్నది వాడటం. పొదుపు కత్తిలో చేయవచ్చు, బ్లేడులో చేయకూడదు. అదీ భారమైతే, కొసలు కప్పిన సగం బ్లేడు కత్తి కొని, చెంపలకే పరిమితం చేసి నెల రోజులు చూడండి. చెంపల మీద హాయిగా ఉంటే మీకు ఇది నచ్చినట్టే.

గట్టి, దట్టమైన గడ్డం ఉన్నవారు సగం బ్లేడు జోలికి పోకపోవడమే మంచిది. వాదర వంగే ఇబ్బంది వారికే ఎక్కువగా తెలుస్తుంది. వంకీల వెంట్రుకలు చర్మంలోకే తిరిగి మొలిచి పొక్కులు కట్టేవారికి ఒంటి వాదర మేలు చేసే అవకాశం ఉంది. బహుళ బ్లేడ్ల కార్ట్రిడ్జ్ వెంట్రుకను లాగి చర్మం మట్టం కంటే కిందకు కోస్తుంది, అది పైకి వచ్చేటప్పుడు దారి తప్పుతుంది. ఇలాంటివారు ఏ కత్తి వాడినా ఎదురు వాలు గీత, అంటే వెంట్రుక మొలిచే దిక్కుకు ఎదురుగా, గీయకూడదు, చర్మాన్ని అతిగా లాగి పట్టుకోకూడదు.

మొటిమలు చీముపట్టి ఉన్నవారు అవి తగ్గేదాకా ఆగాలి. చిన్న గాయం కూడా ఉబ్బెత్తు మచ్చగా మిగిలే చర్మం ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు, చేతి వణుకు ఉన్నవారు వీటిలో దేన్నీ కొనవద్దు. అలాంటివారికి ఎలక్ట్రిక్ షేవర్ ఉంది. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే వాడిన వెంటనే బ్లేడు తీసి, కత్తిని ఖాళీగా భద్రపరిచే అలవాటు చేసుకోవాలి. ఎక్కువగా విమాన ప్రయాణాలు చేసేవారు గుర్తుంచుకోవలసింది, ఈ బ్లేడ్లు చేతి సంచిలో పెట్టి తీసుకెళ్లనివ్వరు.

## మొదటి నెల

ఏ కత్తి ఎంచుకున్నా సగం పని కత్తి తగలకముందే జరగాలి. గడ్డాన్ని గోరువెచ్చని నీటితో రెండు మూడు నిమిషాలు నాననివ్వండి. నీరు పీల్చుకున్న వెంట్రుక మెత్తబడి, ఎండు వెంట్రుక కంటే ఎంతో సులభంగా తెగుతుంది. నురగ పలుచగా, తడిగా, జారుడుగా ఉండాలి. గుట్టలా పేరుకుంటే వాదర కనపడదు. ముందురోజే పొడి ముఖం మీద వేళ్లతో తడిమి, వెంట్రుక వాలు ఎటు ఉందో చూసుకోండి. మెడ మీద చాలామందికి అది పక్కకు తిరిగి ఉంటుంది.

మూడు వేళ్లు కత్తి మెడ (తలకూ పిడికీ మధ్య సన్నని భాగం) పైన, బొటనవేలు కింద, చిటికెన వేలు తోక (మడత కీలు దాటి బయటికి వచ్చిన కొస) మీద. ఈ పట్టుతో కత్తిని మొదట చర్మానికి పరుచుకున్నట్టు ఆనించి, వెన్నును కొద్దిగా లేపండి. సుమారు 30 డిగ్రీలకు మించనివ్వవద్దు. కోణం మరీ తగ్గితే వాదర వెంట్రుకను పీకుతుంది, పెరిగితే చర్మాన్ని చెక్కుతుంది. రెండో చేతితో చర్మాన్ని వెనక్కి లాగి బిగువుగా పట్టుకోవాలి. తడికి వేళ్లు జారుతుంటే పటిక ముక్కను వేలికొసలకు రుద్దుకుంటే పట్టు దొరుకుతుంది. గీత రెండు మూడు సెంటీమీటర్లకు మించకూడదు. కత్తి చర్మానికి ఆని ఉన్నప్పుడు ముందుకు కదలాలి, లేదా ఆగాలి, పక్కకు మాత్రం ఎప్పుడూ జరగకూడదు. కత్తి చేయి జారితే పట్టుకోబోవద్దు, పడనివ్వండి.

మొదటి వారం రెండు చెంపలు మాత్రమే. తక్కినదంతా పాత రేజర్‌తో ముగించండి. రెండో వారం చెవుల పక్క అంచులు, దవడ కింద చదునైన భాగం. మూడో వారం మెడ. చుబుకం, పై పెదవి చివరి వారానికి. నెలంతా వాలు వెంటే గీయండి. నునుపు చాలకపోతే రెండోసారి నురగ పట్టించి అడ్డంగా గీయవచ్చు. ఎదురు వాలు గీత ఈ నెలలో వద్దు. కుడిచేతి వాటం ఉన్నవారు ఎడమ చెంపకు కూడా కుడిచేతినే వాడవచ్చా అని అడుగుతుంటారు. వాడవచ్చు, కానీ చెయ్యి కళ్లకు అడ్డుపడుతుంది. మొదటి రోజు నుంచే ఎడమ చెంపకు ఎడమ చెయ్యి అలవాటు చేసుకుంటే వారం పది రోజులు నెమ్మదిగా సాగినా తర్వాత సుఖం.

గాటు పడితే చల్లటి నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డతో కాసేపు అదిమి పట్టుకుని, తర్వాత తడిపిన పటిక అద్దండి. అదే చోట ఆ రోజు మళ్లీ గీయవద్దు. వాడిన బ్లేడ్లను మూత బిగుతుగా ఉన్న లోహపు డబ్బాలో వేస్తూ పోండి, చెత్తబుట్టలో విడిగా పారేస్తే ఎత్తేవారి చేతులు తెగుతాయి.

నెల తర్వాత కూడా మంట తగ్గకపోతే, కత్తిని మార్చే ముందు అదే కత్తిలో వేరే బ్లేడు వేసి వారం చూడండి. గాట్లు కొసల దగ్గరే పడుతుంటే కాపున్న బ్లేడుకో, కొసలు కప్పిన తలకో మారండి. గాట్లు వాదర మధ్యలో పడుతుంటే లోపం కోణంలో ఉంది, ఏ కొత్త కత్తీ దాన్ని సరిచేయదు. మళ్లీ చెంపల దగ్గరికి వెళ్లి, వెన్ను కాస్త దించి గీయడం మొదలుపెట్టండి.